యోగ్యత వచ్చేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఉండాలా?

కోనసీమ విశ్వాసి (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామమున వందనములు. నా ప్రశ్న కొంత పొడవైనది. ఓపికతో చదవమని వేడుకుంటున్నాను.

నేను సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘంలో పుట్టి పెరిగి, పెళ్లయిన తరువాత నా భర్తగారి కుటుంబం వెళ్లే ఒక స్వతంత్ర సంఘంలో చేరాను. అక్కడ ప్రతి నెలా మొదటి ఆదివారం బల్లారాధన, అంటే ప్రభువు చివరి భోజనం జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, జరుగుతుంది. రొట్టె విరిచే ముందు సంఘ పెద్ద ఒకరు మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయం నుంచి "అయోగ్యముగా" అనే వచనాన్ని గట్టిగా చదివి, యోగ్యత లేనివారు చెయ్యి చాపవద్దని హెచ్చరిస్తారు. "ఇందువలననే మీలో అనేకులు బలహీనులును రోగులునై యున్నారు" అన్న చోట ఆగి, సభను ఒకసారి కలయజూస్తారు.

ఎనిమిదేళ్ల క్రితం నా తోడికోడలితో మాటామాటా పెరిగి, సమాధానపడకుండానే నేను బల్లలో పాలుపొందాను. ఆ వారంలోనే మా అమ్మాయికి డెంగీ జ్వరం వచ్చింది. అమ్మాయి కోలుకుని ఇంటికి వచ్చింది గాని, ఆ జ్వరం నా మూలంగానే వచ్చిందన్న తలంపు నన్ను విడిచిపెట్టలేదు. ఆ నెలలోనే తోడికోడలి దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆమె ఆ మాటే మరిచిపోయింది. నేను మాత్రం ఒక నోటుపుస్తకం పెట్టుకుని, విసుక్కున్న మాట, వేకువ ప్రార్థనలో తూలిన కునుకు, పక్కింటివారి మీద పుట్టిన అసూయ, ఇలా ప్రతి తప్పునూ అందులో రాసుకోవడం మొదలుపెట్టాను. నెలంతా పేజీ ఖాళీగా ఉంటేనే బల్ల తీసుకోవాలని నియమం పెట్టుకున్నాను. ఒక్క నెల కూడా పేజీ ఖాళీగా లేదు. పళ్లెం నా దాకా వచ్చినప్పుడు పక్కవారికి అందించి తల వంచుకుంటాను. "మీ పరలోకపు తండ్రి పరిపూర్ణుడు గనుక మీరును పరిపూర్ణులుగా ఉండెదరు" అన్న వాక్యం మా వంటింటి గోడ మీద ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ ఫెయిలైన మార్కుల కాగితం చూసినట్టే ఉంటుంది.

ఇన్నాళ్లూ ఇది నా ఒక్కదాని భారమే అనుకున్నాను. కిందటి వారం మా అమ్మాయి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో అలాంటి జాబితాయే కనిపించింది. దానికిప్పుడు పదిహేనేళ్లు. అడిగితే, "ఇవన్నీ మానేశాక బాప్తిస్మం అడుగుతానమ్మా" అన్నది. దాని అక్షరాలు కూడా నా అక్షరాల్లాగే ఉన్నాయి.

మా అమ్మ కోపిష్ఠి మనిషి. చీటీ డబ్బుల దగ్గర ఎవరితోనైనా వాదనకు దిగేది. అయినా గుడిలో బలిపీఠం ముందు కటకటాల దగ్గర మోకరించి, సంస్కారం తీసుకుని లేచి వచ్చేటప్పుడు ఆమె ముఖం పెళ్లిభోజనం చేసి వచ్చినట్టు ఉండేది. ఆ ముఖం నాకెందుకు రాలేదు? పరిపూర్ణత సాధించిన తరువాత దేవుడిచ్చే బహుమానమా ఈ ఆనందం, లేక ముందే ఇచ్చేదా? నా కూతురికి ఏమని చెప్పాలి?


మెదక్ పాత అయ్యగారు

అమ్మా, మెదక్ అధ్యక్ష మండలంలో ముప్పై ఏళ్లకు పైగా పాదిరిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నీ మాటలు రెండుసార్లు చదివాను. నిన్ను మందలించవలసినది నాకేమీ కనబడలేదు గాని, నీకు ఒక వాక్యాన్ని సగంలో ఆపి వినిపిస్తూ వచ్చారని తెలిసింది.

28వ వచనాన్ని చివరి దాకా చదివి చూడు. "కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని ఇంటికి పొమ్మని గాని, పళ్లెం పక్కవారికి నెట్టమని గాని ఆ పత్రిక రాసిన అపొస్తలుడైన పౌలు అనలేదు. ఆ వాక్యం "త్రాగవలెను" అన్న ఆజ్ఞ దగ్గర ముగుస్తుంది. పరీక్ష దానికి దారి మాత్రమే. నువ్వు ఎనిమిదేళ్లుగా ఆ ఆజ్ఞలో మొదటి సగాన్ని చాలా శ్రద్ధగా పాటించి, రెండో సగం దగ్గర ఆగిపోయావు.

ఇక "అయోగ్యముగా" అన్న మాట. అది తినే తీరును చెబుతుంది. తినేవాడికి యోగ్యత ఉందా లేదా అన్న విచారణ అక్కడ లేదు. కొరింథులో ఆ తీరు ఏమిటో అదే అధ్యాయంలో స్పష్టంగా ఉంది. కలిగినవారు ముందే వచ్చి తమ భోజనం తామే కానిచ్చేవారు; తరువాత వచ్చిన పేదవారికి ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుడై ఉన్నాడని పౌలు బాధపడ్డాడు. మన భాషలో దీనికి సరైన మాట పంక్తిభేదం. పంక్తిలో మనిషిని చూసి వడ్డించడం ఎంత అవమానమో మన దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. పౌలు చెప్పిన విరుగుడు కూడా దానికి తగినదే: "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." పేదవాణ్ని బల్లకు దూరం చేసినవారిని గద్దించడానికి రాసిన మాటలను పట్టుకుని, భయపడుతున్న ఒక తల్లిని అదే బల్లకు దూరం చేయడం నాకు చాలా దుఃఖం కలిగిస్తుంది.

మీ వంటింటి వాక్యం గురించి రెండు మాటలు. తెలుగు బైబిలులో అక్కడ "ఉండెదరు" అని ఉంది. గ్రీకు మూలంలోనూ క్రియ భవిష్యత్కాల రూపంలోనే ఉంది. ఆజ్ఞ అన్న అర్థం అందులో ఉన్నది నిజమే. అయినా ఆ రూపంలో తండ్రి తన బిడ్డలను గురించి ఇచ్చే మాట కూడా వినబడుతుందని నేను నమ్ముతాను. "పరిపూర్ణుడు" అని అనువదించిన గ్రీకు మాట "తెలెయోస్". తన గమ్యానికి చేరినది, పక్వమైనది అని దాని భావం. ఆ మాటనే హెబ్రీయుల పత్రిక 5వ అధ్యాయం 14వ వచనంలో మన అనువాదకులు "వయస్సు వచ్చినవారు" అని తెలిగించారు. కాయ పండడానికి ఎండా వానా కావాలి. ఎంత పండిందో చూద్దామని రోజూ గోటితో గిచ్చితే కాయ పాడవుతుంది. పైగా ఆ వచనానికి ముందు ప్రభువు మాట్లాడుతున్నది చెడ్డవారి మీదా మంచివారి మీదా ఒకే విధంగా కురిసే వాన గురించి, శత్రువును ప్రేమించడం గురించి. లూకా అదే సందర్భంలో "కనికరముగలవారై యుండుడి" అని రాశాడు. నీ నోటుపుస్తకంలో ఆ కనికరం నీకు ఒక్క నెలయినా దొరకలేదు.

మా మెదక్ సంఘాలకు పునాది వేసినవారు వెస్లియన్ మిషనరీలు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మా పెద్ద గుడిని కట్టించిన పాస్నెట్ దొరగారు కూడా ఆ సంప్రదాయంవారే. క్రైస్తవ పరిపూర్ణత అన్న బోధకు ఆ సంప్రదాయానికి మూలపురుషుడైన జాన్ వెస్లీని మించి పేరుపడ్డవారు లేరు. ఆ వెస్లీయే, పరిపూర్ణత అంటే దేవుణ్నీ పొరుగువాణ్నీ నిండుగా ప్రేమించడమనీ, పొరపాట్లూ బలహీనతలూ లేని మనిషి ఈ లోకంలో లేడనీ స్పష్టం చేశాడు. ఇంకొక సంగతి నీకు మరీ ముఖ్యం. తన ఆక్స్‌ఫర్డ్ శిష్యుల కోసం యువకుడిగా ఉన్నప్పుడు రాసుకున్న ప్రసంగాన్ని ఆయన 1787లో, అంటే యాభై ఏళ్లకు పైగా గడిచిన తరువాత, అచ్చు వేయించాడు. ప్రభువు భోజనానికి వీలైనన్నిసార్లు రావాలన్నదే దాని విషయం. "నేను యోగ్యుణ్ని కాను" అన్న అభ్యంతరానికి అందులో ఆయన ఇచ్చిన జవాబు సారాంశం ఇది: దేవుని ఏ కృపకూ నువ్వు యోగ్యుడివి కావు, ఆ కారణంగా కృపలన్నింటినీ తిరస్కరిస్తావా? ఆ పాత ప్రసంగాన్ని కొంత కుదించాడే గాని, తన అభిప్రాయం మార్చుకోవలసిన కారణమేదీ ఈ ఏళ్లన్నిటిలో కనబడలేదని ఆయనే రాశాడు.

మొదటి ప్రభు భోజనానికి ఎవరు కూర్చున్నారో కూడా జ్ఞాపకం చేసుకో. ఆ రాత్రి కోడి కూయకముందే తన్ను ఎరుగనని చెప్పబోయే పేతురు ఉన్నాడు. తమలో ఎవడు గొప్పవాడని ఆ బల్ల దగ్గరే వాదించుకున్నవారు ఉన్నారు. వారి జాబితా ప్రభువుకు ముందే తెలుసు. తెలిసే రొట్టె విరిచాడు.

మీ అమ్మగారి కోపాన్ని నేను సమర్థించను. ఆమె కటకటాల దగ్గరికి ఆ కోపంతో సహా వెళ్లింది, అక్కడ ఇచ్చినది పుచ్చుకుంది. ఆ ముఖం అలా వచ్చింది.


రాజమండ్రి సహోదరుడు

అయ్యగారి వివరణ నాకు మేలు చేసింది. అయినా ఒక సంగతి మనవి చేయాలి. మా ప్రాంతంలో అన్నదమ్ముల పొలం అన్యాయంగా కలుపుకున్నవారు, వడ్డీకిచ్చి పేదవారి ఇల్లు రాయించుకున్నవారు తెల్లబట్టలు కట్టుకుని మొదటి వరుసలో బల్ల తీసుకోవడం నేను కళ్లారా చూశాను. "ఆనందించుడి" అన్న మాట వారికి దుప్పటిలా పనికివస్తుంది. ఆనందం పేరిట పశ్చాత్తాపాన్ని పక్కన పెట్టే బోధ మనలో పెరుగుతున్నదని నా భయం. కానుకను బలిపీఠం ముందు విడిచిపెట్టి, ముందుగా వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు కదా? ఈ సహోదరిని ఉద్దేశించి నేనీ మాట అనడం లేదు. ఆమె వెళ్లి క్షమాపణ అడిగానని రాశారు. చదివే మిగతావారి కోసం అంటున్నాను.


గుంటూరు లూథరన్ టీచరు

అన్నగారి భయం న్యాయమైనదే. కాని పొలం కలుపుకున్నవాడు ఈ చర్చ చదివి భయపడడు. భయపడేది ఈ చెల్లెలే. ఒకే హెచ్చరికను ఇద్దరికీ ఒకే గొంతుతో వినిపిస్తే, చర్మం మందమైనవాడికి అది తగలదు, సున్నితమైనవారికి గాయమవుతుంది. సండే స్కూలులో ఇరవై రెండేళ్లు పాఠం చెప్పి నేను తెలుసుకున్న సంగతి ఇది. అల్లరి పిల్లవాణ్ని ఉద్దేశించి గట్టిగా అరిస్తే, మూలన కూర్చున్న నెమ్మదైన పిల్ల ఏడుస్తుంది.

మీరు చెప్పిన మత్తయి 5వ అధ్యాయపు మాటనే తీసుకోండి. అది "అటుతరువాత వచ్చి నీ అర్పణము నర్పింపుము" అని ముగుస్తుంది. సమాధానపడి తిరిగి రమ్మనే పిలుపు అది. ఈ చెల్లెలు వెళ్లింది, సమాధానపడింది. తిరిగి రావడం ఒక్కటే మిగిలింది.

1842 జూలై 31న లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి మా సంఘాల్లో జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథరు బోధను పిల్లలకు నేర్పుతూ వచ్చారు. మఠంలో ఉన్న రోజుల్లో లూథరు గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, గదికి తిరిగి వెళ్లకముందే ఇంకొకటి గుర్తుకువచ్చి మళ్లీ పరుగెత్తేవాడట. ఆ బాధ పడినవాడు కాబట్టే 1529లో రాసిన పెద్ద కాటెకిజం అనే విశ్వాస బోధ పుస్తకంలో, ఈ సంస్కారాన్ని విషంలా చూసి పారిపోవద్దనీ, ఇది ఆత్మకూ శరీరానికీ ఔషధమనీ, నీ బలహీనత నీకు ఎంత ఎక్కువగా తెలిస్తే అంత త్వరగా రావాలనీ బోధించాడు. చిన్న కాటెకిజంలోనైతే యోగ్యుడెవడన్న ప్రశ్నకు నేరుగా జవాబు ఉంది: "మీ కొరకు" అన్న మాటను నమ్మేవాడే యోగ్యుడు. ఉపవాసం, శరీర నియమం మంచి బాహ్య సిద్ధబాటు అంటాడే గాని, యోగ్యత అక్కడ ఉందని ఆయన అనలేదు.

జ్వరం తగ్గాక వస్తానని ఆసుపత్రికి కబురుచేసే రోగిని ఏమంటాం? మీ అమ్మాయి బాప్తిస్మం గురించి అలాగే ఆలోచిస్తున్నది.


ఎడిన్‌బరో తెలుగు విద్యార్థి

చిన్న మాట. ఇక్కడ స్కాట్లండ్‌లో పాత ప్రెస్బిటేరియన్ సంఘాల్లో బల్ల తీసుకోవడానికి సంఘ పెద్దలు ముందుగా విచారించి, తగినవారనుకున్నవారికి ఒక బిళ్ల ఇచ్చేవారు. ఎక్కువగా సీసంతో చేసినవి; గ్రామం పేరు, సంవత్సరం వాటి మీద ముద్రించి ఉంటాయి. ఆ బిళ్ల చేతిలో లేకపోతే బల్ల దగ్గర చోటు లేదు. బిళ్ల చేతిలో ఉన్నా లేవడానికి భయపడి కూర్చుండిపోయినవారు ఉత్తర కొండ ప్రాంతాల సంఘాల్లో చాలామంది ఉండేవారు. ఆ బిళ్లలను చూసినప్పుడు నాకు మన ఊళ్లే గుర్తుకువచ్చాయి.

జాన్ డంకన్ (1796–1870) అనే ఆయన ఇక్కడి న్యూ కాలేజీలో హెబ్రీ భాషాచార్యుడు. తన రక్షణ గురించి తానే జీవితాంతం సందేహాలతో పెనుగులాడినవాడు. ఒక ఆరాధనలో ఒకావిడ కన్నీళ్లతో పాత్రను తీసుకోకుండా పక్కకు పంపబోతుంటే, "తీసుకో అమ్మా, ఇది పాపుల కోసమే" అని ఆయన ఆ పాత్రను ఆమె చేతికి అందించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. సహోదరి గారి దాకా పళ్లెం వచ్చిన దృశ్యం చదవగానే అదే జ్ఞాపకం వచ్చింది.


విశాఖ నర్సు

నేను కతోలిక సంఘానికి చెందినదాన్ని. మా పద్ధతి వేరు. ఘోరమైన పాపం చేసినవారు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసిన తరువాతే దివ్యసత్ప్రసాదం (మీరు బల్ల అనేది) స్వీకరించాలి. అయినా మీ బాధ మా దగ్గరా చాలా పాతది. ఫ్రాన్సులో ఒకప్పుడు అతి నియమం వల్ల విశ్వాసులు ఏళ్ల తరబడి సత్ప్రసాదానికి దూరమయ్యారు. 1905 డిసెంబరులో పదవ పయస్ పోపుగారి పాలనలో వెలువడిన ఆజ్ఞ, చావైన పాపంలో, అంటే ఘోర పాపంలో, లేనివారు సదుద్దేశంతో తరచుగా, వీలైతే ప్రతిదినమూ స్వీకరించాలని ప్రోత్సహించింది.

నేను ముఖ్యంగా ఆసుపత్రి మనిషిగా మాట్లాడాలి. అక్కా, డెంగీ ఏడిస్ దోమ కుట్టడం వల్ల వస్తుంది. అది పగటిపూట కుడుతుంది. ఇంటి చుట్టూ నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది. మీ తోడికోడలితో అన్న మాటకూ ఆ దోమకూ సంబంధం లేదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి, "వీడా, వీని కన్నవారా, ఎవరు పాపము చేసిరి" అన్నట్టుగా శిష్యులు అడిగితే ప్రభువు ఆ ఇద్దరినీ ఆ నింద నుంచి తప్పించాడు. డెంగీ వార్డులో బిడ్డ పక్కన కూర్చుని తమ పాపాలు లెక్కపెట్టుకునే తల్లులను నేను చాలామందిని చూశాను. వారందరికీ ఈ మాటే చెబుతాను.

రెండోది, కొంచెం జాగ్రత్తగా వినండి. ఒప్పుకున్నా శాంతి రాకపోవడం, మళ్లీ మళ్లీ రాయడం, ఒక్కటైనా తప్పిపోయిందేమోనని తిరగేసి చూడడం వంటి స్థితికి మా సంఘంలో స్క్రూపులస్ అనే పాత లాటిన్ పేరు ఒకటి ఉంది. దాని మూలార్థం చిన్న పదునైన రాయి. మనం చెప్పులోని రాయి అంటాం, అలాంటిదే. యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా గారు మూడు రోజులు పట్టిన తన జీవితకాలపు పాపసంకీర్తనాన్ని రాతపూర్వకంగా చేసి కూడా, 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో నెలల తరబడి ఈ రాయితోనే నడిచారు. చివరకు గత పాపాలను మళ్లీ ఒప్పుకోవడం మానుకున్నప్పుడే విడుదల పొందారు. కొందరిలో ఇది వైద్యులు ఓసీడీ అని పిలిచే వ్యాధి (ఒకే తలంపు, ఒకే పని వదలకుండా మళ్లీ మళ్లీ రావడం) రూపం. మీకు అదే ఉందని నేను చెప్పను. చూడకుండా ఎవరూ చెప్పలేరు. కాని ఆ తలంపులు రోజులో ఎక్కువ సమయం తీసుకుంటున్నా, అమ్మాయికి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నా, మానసిక వైద్యులను కలవండి. దీనికి మంచి చికిత్స ఉంది. వైద్యుని దగ్గరికి వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు.


మెదక్ పాత అయ్యగారు

నర్సమ్మ చెప్పిన మాట నేను ముందే చెప్పవలసింది, ఆమెకు కృతజ్ఞతలు.

రాజమండ్రి సహోదరునికి ఒక్క మాట. ఫిలిప్పీయుల పత్రికలో "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న ఆజ్ఞ 4వ అధ్యాయం 4వ వచనంలో ఉంది. దానికి రెండు వచనాల ముందు ఏముందో చూడండి. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్సు కలిగి ఉండాలని పౌలు బతిమాలుతున్నాడు. ఆ తగాదా తీరిందో లేదో పత్రికలో లేదు. అది తీరాక ఆనందించండి అని ఆయన అనలేదు. దాన్ని వదిలేయండి అని కూడా అనలేదు. రెండు మాటలూ ఒకే ఊపిరిలో, అదీ చెరసాల బంధకాల్లో కూర్చుని చెప్పాడు. "ఇదివరకే సంపూర్ణ సిద్ధి పొందితిననియైనను నేను అనుకొనుటలేదు" అని తన గురించి ఒప్పుకున్నది కూడా ఆ పత్రికలోనే. ఆనందించేవాడు పశ్చాత్తాపపడడని మీరు భయపడుతున్నారు. నా ముప్పై ఏళ్ల సేవలో నేను చూసింది వేరు: క్షమాపణ దొరుకుతుందన్న సంతోషం ముందుగా తెలిసినవారే ధైర్యంగా తప్పు ఒప్పుకుని, కలుపుకున్న గట్టు వెనక్కి జరిపారు. సుంకరి జక్కయ్య సంతోషముతో ప్రభువును ఇంటికి చేర్చుకున్న తరువాతే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు కదా.


కోనసీమ విశ్వాసి

అందరికీ నా కృతజ్ఞతలు. వెంటనే జవాబు రాయలేకపోయాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని 11వ అధ్యాయం 17వ వచనం నుంచి చివరి దాకా దాని చేతనే చదివించాను. 28వ వచనం దగ్గర నేనేమీ చెప్పలేదు. అదే ఆగి, "అమ్మా, ఇక్కడ తినమనే ఉంది కదా, మరి నువ్వెందుకు తినవు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. డెంగీ సంగతి దానికి మొదటిసారి చెప్పాను. తన జ్వరం నా శిక్ష అని నేను ఎనిమిదేళ్లు నమ్మానని విని అది చాలాసేపు ఏడ్చింది. ఆ తరువాత లెక్కల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చింపలేదు, బీరువాలో నా దాని పక్కన పెట్టి తాళం వేశాను.

భయం పోయిందని అబద్ధం చెప్పలేను. అయ్యగారు "ఉండెదరు" గురించి రాసినది నా భర్తకు చదివి వినిపించాను. ఆయన కూడా బల్ల దగ్గర నాలాగే భయపడతారని నాకు ఇన్నేళ్లలో తెలియదు. మొదటి ఆదివారం ఇంకా తొమ్మిది రోజులుంది. మా అమ్మను ఆ రోజుకు ఇంటికి రమ్మని ఫోను చేశాను. ఎందుకని అడిగితే, నా పక్కన కూర్చోవడానికి అన్నాను.